లీటరు కొలతలో పట్టని ఆవు

నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది, అంతే. మూపురం దగ్గర కొలిస్తే 70 నుంచి 90 సెంటీమీటర్లు. బరువు 115 కిలోలకూ 200 కిలోలకూ మధ్య. వెడల్పాటి నొసలు, నెలవంకలా వంగిన పొట్టి కొమ్ములు, నేలను ఊడుస్తూ పోయే తోక. తెలుపో, బూడిదో, లేత గోధుమరంగో. మూపురం ఉన్న ఆవుల్లో ప్రపంచం మొత్తం మీద అతి పొట్టివాటిలో ఇదొకటి. పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు తాలూకాలు దాని పుట్టినిల్లు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలని పిలిచే మెట్టసీమ అది. ఊరి పేరే జాతి పేరయింది. చివరికి ఆ ఊళ్లోనే ఆ జాతి దాదాపు లేకుండా పోయింది.

దాన్ని ఎవరూ చంపలేదు. కరువుకు చచ్చిపోయిందా అంటే, కరువు దానికి కన్నతల్లి లాంటిది. లెక్కలో ఓడిపోయింది. పాల వ్యాపారం అనే లెక్కలో, లీటరు అనే కొలతతో.

ఈ నేలలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు రాగి, చెనక్కాయ. ఇలాంటి చోట పెద్ద పశువును మేపడం కలిగినవాడికే చెల్లుతుంది. పుంగనూరు ఆవుకు రోజుకు ఐదు కిలోల మేత చాలు. చెనక్కట్టె, రాగి చొప్ప, గట్ల మీది గడ్డి, ఇంట్లో మిగిలిన కుడితి. ఆ కాస్తతోనే రోజుకు లీటరు నుంచి మూడు లీటర్ల దాకా ఇచ్చేది. ఆ పాలు మామూలు ఆవుపాలు కావు. సాధారణంగా ఆవుపాలలో వెన్న మూడు, మూడున్నర శాతం ఉంటే, దీని పాలలో ఎనిమిది శాతం దాకా పలికేది. ఎనుము పాలంత చిక్కన. ఎనుముకు వేసే మేతలో ఎన్నో వంతో దీనికి వేస్తే సరిపోయేది. దీని కోడెలు మెట్టచేలల్లో మడక లాగేవి. మట్టి తేలిక, ఎద్దూ తేలిక, రెండింటికీ పొత్తు కుదిరింది.

ఆ రోజుల్లో పాలు ఇల్లు దాటి పోయేవి కావు. బిడ్డలకు పోయగా మిగిలినవి తోడుకునేవి. తెల్లారి ఇంటి ఆడమనిషి కవ్వం పట్టుకు కూర్చుంటే ఆ పాల నాణ్యత ఎంతో అప్పుడే తేలిపోయేది. వెన్న ముద్ద ఎంత పడింది, మజ్జిగ ఎంత చిక్కగా మిగిలింది, నెయ్యి కాచితే ఎంత రాబడి వచ్చింది. ఏ ప్రయోగశాలా అక్కర్లేని పరీక్ష. పరీక్ష చేసే మనిషీ, ఫలితం అనుభవించే మనిషీ ఒకరే. నాణ్యతను కొలిచే సాధనం ఇంట్లోనే ఉన్నంత కాలం ఈ ఆవుకు ఢోకా లేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదంతా కొలిచే సాధనం ఇంట్లోంచి బయటికి పోవడం వల్ల జరిగినదే.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఊళ్లకు రోడ్లు వచ్చాయి, రోడ్ల వెంట పాల వ్యాన్లు వచ్చాయి. శీతలీకరణ కేంద్రాలు, క్యాన్లు, ఊరూరా పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం వరుసలో నిలబడి పాలు పోస్తే పదైదు రోజులకోసారి బిల్లు. వాన పడితేనే పంట, పంట పండితేనే డబ్బు అన్న సీమలో ఆ బిల్లు ఎంత పెద్ద మాటో బయటివాళ్లకు తెలియదు. వాన రాని ఏడు కూడా వచ్చే డబ్బు అది. ఆ డబ్బుతో బిడ్డల ఫీజులు కట్టారు, అప్పులు తీర్చారు, పెళ్లిళ్లు చేశారు. ఇంటి ఆడవాళ్ల చేతిలోకి మొట్టమొదటిసారి నిలకడగా పైకం వచ్చింది. కాబట్టి పాల వ్యాపారాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఈ గాథలో విషాదమంతా అక్కడే ఉంది. చెడ్డవాడు చేసిన చెడు కాదిది. మంచి పని జరుగుతూ ఉండగా, ఆ పని పక్కనే ఒక జాతి ఒరిగిపోయింది.

పాలు పోసే ఇంటివాడు వేసుకున్న లెక్క చూడండి. నాటావు రెండు లీటర్లు ఇస్తుంది. జెర్సీ రక్తం కలిసిన సీమావు ఎనిమిది, పది లీటర్లు ఇస్తుంది. టీ కొట్టు, హోటలు, ఇంటికి పోయించుకునేవాడు లీటరుకింత అని ఇస్తారు. అక్కడ నాటావు ఓడింది. సరే, డెయిరీ వాళ్లు వెన్న శాతం చూసి కదా డబ్బిచ్చేది, అక్కడైనా గెలిచి ఉండాలి కదా అనిపిస్తుంది. లెక్కపెడదాం. రెండు లీటర్లలో ఎనిమిది శాతం అంటే సుమారు 160 గ్రాముల వెన్న. ఎనిమిది లీటర్లలో నాలుగు శాతం అంటే 320 గ్రాములు. అక్కడా ఓడింది. చిక్కదనంలో రెట్టింపు నెగ్గి, మొత్తంలో సగానికి పడిపోయింది. రైతు తెలివితక్కువవాడు కాదు. తన ముందు పెట్టిన పట్టీలో ఏ గడులున్నాయో ఆ గడులే నింపాడు.

పాల నాణ్యతకు డబ్బు కట్టే పద్ధతి కూడా లోకంలో మొదటినుంచీ ఉన్నది కాదు. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే శాస్త్రవేత్త గంధకామ్లంతో పాలలోని వెన్నను విడగొట్టి కొలిచే పరీక్ష కనిపెట్టాడు. అంతవరకూ అక్కడా పాలకు కొలతను బట్టే డబ్బు. నీళ్లు కలిపినవాడికీ, మంచి పాలు పోసినవాడికీ ఒకే ధర. మీగడ తీసేసి పోసినవాడు ఇంకా బాగుపడేవాడు. ఆ పరీక్ష వచ్చాక మంచి పాలు పోసేవాడికి మొదటిసారి న్యాయం జరిగింది. ఆయన దానికి పేటెంటు కూడా తీసుకోలేదు. దాదాపు ఆ కాలంలోనే స్విట్జర్లాండులో గెర్బర్ తెచ్చిన పరీక్షే మన పాల కేంద్రాల్లో దశాబ్దాల పాటు నడిచింది. సన్నమెడ గాజు గొట్టంలో ఆమ్లం, పాలు, కాస్త అమైల్ ఆల్కహాలు పోసి గిరగిరా తిప్పితే వెన్న పైకి తేలి మెడలో నిలుస్తుంది. పక్కనే పాలలో తేలే లాక్టోమీటరు. ఊళ్లో అందరికీ ఆ రెండు మాటలూ నోటికి వచ్చాయి, వెన్నెంత, డిగ్రీ ఎంత అని.

ఆ గాజు గొట్టం ఈ గిన్నెలో పాలు ఎంత మంచివో చెప్పగలదు. ఆ పాలు ఇవ్వడానికి ఆవు ఎంత తిన్నదో, ఎన్ని నీళ్లు తాగిందో చెప్పలేదు. సీమావుకు రోజుకు ఇరవై కిలోల పైన పచ్చిమేత కావాలి, పైగా దాణా. పచ్చిమేతకు తడి కావాలి. తడికి బోరు కావాలి. మదనపల్లె, పుంగనూరు పక్కల బోర్లు వెయ్యి అడుగులు దిగినా తడి తగలని చోట్లున్నాయి. సీమావు ఎండకు రొప్పుతుంది. పిడుదుల జ్వరం, పొదుగువాపు వస్తే డాక్టరు, మందులు, పాలు పారబోసుకోవడం. ఈ ఖర్చులేవీ పాలబిల్లులో కనబడవు. బిల్లు ఒక చోట వస్తుంది, ఖర్చు పది చోట్ల పోతుంది. వచ్చేది ఒక కాగితం మీద కనబడితే, పోయేది ఏ కాగితం మీదా కనబడకపోతే, మనిషి కాగితాన్నే నమ్ముతాడు.

వ్యాపార శాస్త్రంలో దీని మీద పెద్ద చర్చే నడిచింది. 1951లో జోసెఫ్ జురాన్ నాణ్యత నియంత్రణ మీద వేసిన కరదీపికలో, తప్పుల వల్ల పోయే డబ్బును తవ్వితీయని బంగారు గనితో పోల్చాడు. 1956లో ఆర్మండ్ ఫైగెన్‌బామ్ నాణ్యతకయ్యే ఖర్చును విడదీసి చూపాడు. తప్పు జరగకుండా ముందే పెట్టేది నివారణ ఖర్చు. జరిగిందో లేదో చూడటానికి పెట్టేది తనిఖీ ఖర్చు. జరిగిపోయాక మోసేది వైఫల్యం ఖర్చు. మొదటిదానికి కాస్త పెడితే మూడోది బాగా తగ్గుతుందని వాళ్ల వాదన. అయితే మొదటిది మన చేతుల్లోంచి ఈ రోజే పోతుంది, మూడోది ఎప్పుడో వస్తుంది, ఒక్కోసారి మన తర్వాతివాళ్లకు వస్తుంది. అందుకే మొదటిదాన్ని కోసేయడం ఎప్పుడూ తేలిక. కర్మాగారాల కోసం రాసిన ఈ మాటలు మా పశువుల కొట్టాలకు ఎంత సరిపోతాయో తలుచుకుంటే కడుపులో దేవినట్లుంటుంది.

నివారణ ఖర్చు ఇక్కడ ఎంత అయి ఉండేది? ఊరికో రెండూళ్లకో ఒక మంచి నాటు ఆంబోతు. దానికి మేత. ఎవరి ఆవు ఏ ఆంబోతుకు ఈనిందో రాసుకునే ఒక పుస్తకం. అంతే. అది జరగలేదు. చూడి కట్టించడానికి పశువుల ఆసుపత్రిలో దొరికిన సూది జెర్సీది. ఊళ్లో తిరిగే నాటు కోడెలు జాతిని చెడగొడతాయని వాటికి విత్తులు కొట్టించారు. ట్రాక్టరు వచ్చి మడక మూలపడ్డాక కోడెదూడకు ఇంట్లో చోటు లేకుండా పోయింది, దాన్ని సంతకు తోలారు. ఎదకొచ్చిన నాటావుకు ఈడైన ఆంబోతు ఊళ్లో లేనప్పుడు ఆ ఇంటివాడు ఏం చేస్తాడు? దొరికిన సూది వేయించాడు.

మొదటి ఈతలో పుట్టిన పెయ్యలో నాటురక్తం సగం. ఆ పెయ్య పెరిగి మళ్లీ జెర్సీ సూదికి ఈనితే పావు. దాని పెయ్యలో రెండణాలు. ఒక్క ఆవు ఒక ఇంట్లో బతికినంత కాలంలోనే జాతి కరిగి నీరయింది. కళేబరం లేదు, ఏడ్చినవాళ్లు లేరు. ప్రతి ఇంట్లో ప్రతి ఈతకూ సంతోషమే, పాలు పెరిగాయి కదా. ఒక జాతి పోవడం ఇంత మెత్తగా, ఇంత పండుగలా జరగవచ్చని ఎవరు మాత్రం ఊహిస్తారు? ఒక దశలో మేలైన పుంగనూరు ఆవులు మొత్తం అరవై దాకానే మిగిలాయని, అందులో ఎక్కువ పలమనేరు పశుపరిశోధన కేంద్రంలోనేనని చెప్పుకునే స్థితి వచ్చింది.

ఇక్కడ ఇంకో ఊరి కథ చెప్పాలి. జెర్సీ కథ. మనకు జెర్సీ అంటే ఆవు. నిజానికి అది ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో ఉన్న దీవి పేరు. 118 చదరపు కిలోమీటర్లు, మనవైపు ఒక చిన్న మండలమంత. ఆ దీవి ఆవూ ఐరోపా పశువుల పక్కన చిన్నదే, దాని పాలూ చిక్కనివే, ఐదు శాతం దగ్గర వెన్న. చిన్న ఊరు, చిన్న ఆవు, చిక్కటి పాలు. మనకూ వాళ్లకూ తేడా ఎక్కడ వచ్చింది? 1789లో ఆ దీవివాళ్లు బయటి ఆవును ఒడ్డుకు దించకూడదని చట్టం బిగించారు. ఫ్రాన్సు పశువులు దీవి మీదుగా జెర్సీ పేరు పెట్టుకుని ఇంగ్లండుకు పోతుంటే తమ పేరు చెడుతుందని వాళ్ల భయం. 1833లో వ్యవసాయ సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడే మంచి ఆవుకు ఏయే లక్షణాలుండాలో మార్కుల పట్టిక రాసుకున్నారు. 1866లో వంశావళి పుస్తకం మొదలుపెట్టారు. బయటినుంచి వీర్యం తెచ్చుకోవడానికి మళ్లీ తలుపు తీసింది 2008లో. రెండు వందల ఏళ్లకు పైగా ఒక చిన్న దీవి తన ఆవును గడప దాటి చెడిపోకుండా కాచుకుంది. అలా కాచుకున్న నాణ్యతే ప్రపంచమంతా అమ్ముడుపోయి, తిరిగి తిరిగి సూదిమందుగా పలమనేరు, పుంగనూరు ఆసుపత్రులకు చేరింది. తన పశువును దాచుకున్న ఊరి ఆవు, దాచుకోని ఊరి ఆవును కరిగించేసింది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు కోపం రాదు, సిగ్గు వేస్తుంది. వాళ్లు చేసినదాంట్లో మనకు చేతకానిది ఒక్కటీ లేదు. ఒక చట్టం, ఒక సంఘం, ఒక పుస్తకం.

మన ఒంగోలు గిత్తకు బ్రెజిల్ ఉంది. నెల్లూరు పేరుమీద నెలోర్ అని పిలుచుకుంటూ కోట్ల సంఖ్యలో పెంచుకున్నారు. సొంత ఊరు మరిచినా పరాయి దేశం మరవలేదు. పుంగనూరు పొట్టావుకు ఆ అదృష్టమూ లేకపోయింది. మాంసం తక్కువ, పాలు తక్కువ. ఓడ ఎక్కించుకుపోవడానికి ఎవరికి పట్టింది?

లీటర్లను నమ్ముకున్నవాళ్లకు లీటర్లైనా నిలకడగా నిలిచాయా అంటే అదీ లేదు. జిల్లా సొంత సహకార సంస్థ చిత్తూరు డెయిరీ 2002లో మూతపడింది. ఎవరి వల్ల మూతపడిందన్న రాజకీయ వాదన ఇవాళ్టికీ ఎన్నికల సభల్లో వినిపిస్తుంది, దాని జోలికి నేను పోను. రైతు వైపునుంచి చూస్తే ఒక్కటే. నాటావును వదిలి ఏ కొలతను నమ్ముకున్నాడో ఆ కొలత చేతిలో పట్టుకున్న సంస్థ తలుపు వేసుకుంది. కొట్టంలో సీమావు ఉంది, దాని మేతకు బోరు ఉంది, బోరుకు అప్పు ఉంది. పాలు ప్రైవేటు వ్యాను దగ్గరికి నడిచాయి. వాళ్లు చెప్పిందే వెన్న, వాళ్లు చెప్పిందే డిగ్రీ.

వైఫల్యం ఖర్చు కట్టాల్సిన రోజు వచ్చింది. పలమనేరు కేంద్రం ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. మిగిలిన కొద్ది ఆవులనూ కోడెలనూ దశాబ్దాలుగా కాపాడుతూ వచ్చినవాళ్లకు ఈ సీమ రుణపడి ఉంది, ఆ మాట గట్టిగా చెప్పాలి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు అని 69 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. ఆవు అండాలు తీసి, గాజుపాత్రలో పిండం కట్టి, ఇంకో ఆవు కడుపులో పెట్టి దూడను పుట్టించే పద్ధతి. ఊరి ఆంబోతు పగటిపూట చెరువుగట్టు మీద చేసిన పనిని ఇప్పుడు శాస్త్రవేత్తలు చలిగదిలో సూక్ష్మదర్శిని కింద చేయాలి. ఏ పరాయి రక్తం ముందు దీన్ని కరిగించిందో, అలాంటి పరాయి ఆవు గర్భాన్నే ఇప్పుడు అద్దెకడగాలి. ఆంబోతుకు వేయాల్సిన గడ్డిమోపు ఖర్చు యాభై ఏళ్లు ఆగి ఇన్ని కోట్లయి వచ్చింది.

2019 పశుగణనలో పుంగనూరు జాతి కింద 13 వేల పైచిలుకు లెక్క తేలింది. అంకె చూసి ఊపిరి పీల్చుకోవాలనే ఉంటుంది. కానీ గణనలో జాతిని ఎక్కువగా చూపును బట్టే రాస్తారు. వంశావళి పుస్తకం లేనిచోట పొట్టిగా ఉన్నది పుంగనూరు, లేకుంటే కాదు.

తర్వాత 2024 జనవరి, సంక్రాంతి. ఢిల్లీలో ప్రధానమంత్రి తన నివాసంలో పొట్టి ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. పుంగనూరు అనే పేరు ఎన్నడూ విననివాళ్లు ఆ పేరు పలికారు. హైదరాబాదు, బెంగళూరు, ఇంకా దూరపు నగరాల్లో మేడలున్నవాళ్లకు ఆ ఆవు కావాలనిపించింది. ధర లక్షల్లోకి పోయింది. పేదవాడి కుడితి తాగి పేదవాడి బిడ్డలను పెంచిన ఆవు పేదవాడికి అందనంత ఎత్తుకు పోయింది.

ఆ ధర పాలకు కాదు. పొట్టిదనానికి. ఎంత పొట్టి అయితే అంత ఖరీదు, అడుగులు పోయి అంగుళాల్లో బేరం. మినీ అంటారు, మైక్రో అంటారు. ఏ నాటు దూడ కాస్త గిడసబారినా దానికి పుంగనూరు పేరు తగిలిస్తారు. ఫ్రాన్సు పశువు జెర్సీ పేరుతో పోతుందని 1789లో ఆ దీవివాళ్లు భయపడిన పనే, ఇప్పుడు పుంగనూరు పేరుమీద పట్టపగలు జరుగుతోంది. ఎత్తు తగ్గించడమే పనిగా దగ్గరి చుట్టరికాల్లో ఈనిస్తే ఈతలు కష్టమవుతాయి, దూడలు బలహీనపడతాయి. తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. లీటరు మడుగులో ఒకసారి మునిగిన జాతిని తేల్చి తెచ్చి అంగుళం మడుగులో మళ్లీ ముంచుతున్నారేమోనని నాకు భయం.

ఈ ఆవులో ఉన్న గొప్పదనం దాని ఎత్తులో లేదు, ఎండు చొప్ప తిని వెన్న ఇవ్వడంలో ఉంది. బోరు ఎండిన సీమకు, దాణా ధర మోయలేని ఇంటికి, బిడ్డల తల్లికి సరిగ్గా అతికిన పశువు అది. ఆ అతుకును కొలిచే గాజు గొట్టం ఎవరూ చేయలేదు. ఇంటింటా ఒకటుండేది, కవ్వం, అది అటకెక్కింది.

ఇప్పుడు కొనవచ్చినవాళ్లు కారు దిగి ముందు టేపు తీస్తారు. ఒకరు తాడు పట్టుకుంటారు, ఇంకొకరు మూపురం దగ్గర కొలుస్తారు. నేల నుంచి ఎన్ని అంగుళాలో చూసి, ఫొటో తీసి, ధర చెబుతారు. ఆవు అప్పుడూ నోట్లో ఉన్న ఎండు గడ్డిని నములుతూ ఉంటుంది. పాలెన్నిస్తుంది, వెన్నెంత పడుతుంది అన్న మాట ఆ బేరంలో ఎక్కడా రాదు. అమ్మేవాడూ పితికి చూసి ఉండడు.